ఆయిల్ తాగే ఇంజన్: హిరోషిమా మాజ్దా, దాని యజమానులు

జపాన్ మోటారు పరిశ్రమ చరిత్ర రాసేవారు సాధారణంగా టొయోటా ఉత్పత్తి పద్ధతితోనో, హోండా ఎగుమతి విజయాలతోనో మొదలుపెట్టి, మాజ్దా దగ్గరికి వచ్చేసరికి రోటరీ ఇంజన్ అనే ఒక విచిత్ర యంత్రాన్నీ, దాన్ని పట్టు విడవకుండా సాధించిన ఇంజనీర్లనూ నాలుగు మాటల్లో మెచ్చుకొని ముందుకు సాగిపోతారు. ఆ కథనంలో అబద్ధం లేదు గాని అందులో ఉన్నది సగమే. కర్మాగారం ఒక యంత్రలోపాన్ని ఎంతవరకు సరిదిద్దగలిగిందో, మిగిలిన లోపాన్ని ఆ కారు కొన్నవారు తమ ఖర్చుతో, ఓపికతో, రోజువారీ అలవాట్లతో ఎలా పూడ్చుకొచ్చారో పక్కపక్కన పెట్టి చూడనిదే మాజ్దా ఈనాటికీ ఎందుకు బతికి ఉందన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరకదు. ఆ కంపెనీ చరిత్రలో కనీసం మూడు ఘట్టాల్లో దాని ఉనికి బ్యాంకుల మీద, భాగస్వాముల మీద ఎంత ఆధారపడిందో, కొన్నవారి సహనం మీదా అంతే ఆధారపడింది.

ఈ సంస్థ 1920లో హిరోషిమాలో తోయో కార్క్ కోగ్యో అనే పేరుతో పుట్టింది. చుట్టుపక్కల కొండల్లో దొరికే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు నుంచి సీసా బిరడాలకూ, యంత్రాలకూ పనికివచ్చే బెండును తయారుచేయడం దాని తొలి వృత్తి. మరుసటి ఏడాది సంస్థ పగ్గాలు చేపట్టిన జుజిరో మత్సుదా 1875లో హిరోషిమా దగ్గర ఒక జాలరి కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే ఒసాకా వెళ్లి కమ్మరి కొలిమి దగ్గర పని నేర్చుకున్నవాడు కావడంతో, బెండు వ్యాపారం కన్నా లోహపు పని మీదే అతనికి మక్కువ ఎక్కువ. 1925లో కర్మాగారం అగ్నిప్రమాదానికి గురైన తరువాత ఆ మక్కువే వ్యాపారానికి దారి చూపింది. 1927లో పేరులోని 'కార్క్' తొలగిపోయి సంస్థ తోయో కోగ్యోగా మిగిలింది, యంత్ర పరికరాల తయారీ మొదలైంది, 1931 అక్టోబరులో హిరోషిమా శివారు ఫుచు కర్మాగారం నుంచి మూడు చక్రాల ట్రక్కు బయటికి వచ్చింది. దాని మీద వేసిన 'మాజ్దా' అన్న ముద్రను సంస్థ ప్రాచీన పారసీకుల జ్ఞానదేవత అహుర మాజ్దా పేరుగా చెప్పుకున్నప్పటికీ, అది యజమాని ఇంటిపేరుకు దగ్గరగా పలకడం కాకతాళీయం కాదు.

ముందు మోటార్‌సైకిలు, వెనుక సరుకుల తొట్టి అన్నట్టుగా, మన ఊళ్లలో తిరిగే ట్రాలీ ఆటోకు పెద్దన్న లాంటి రూపంతో ఉండే ఆ బండి 482 సీసీ ఇంజన్‌తో నడిచేది. ఇరుకు వీధుల్లో సులభంగా మలుపు తిరగగలగడం వల్ల కూరగాయల వర్తకులు, కలప వ్యాపారులు, చేపల మండీలవారు దాని తొలి కొనుగోలుదారులయ్యారు. మాజ్దాకు మొట్టమొదట దొరికిన యజమానులు షికారు కోసం కాక పొట్టకూటి కోసం బండి కొన్నవారన్న సంగతి తరువాతి స్పోర్ట్స్ కార్ల కీర్తి కింద మరుగున పడిపోయింది గాని, సంస్థ అమ్మకపు వ్యవస్థకూ, మరమ్మతు దుకాణాలకూ పునాది పడింది ఆ చిల్లర వర్తకుల దగ్గరే.

1945 ఆగస్టు 6 జుజిరో మత్సుదా 70వ పుట్టినరోజు. ఆ ఉదయం హిరోషిమా మీద అణుబాంబు పడింది. పేలుడు కేంద్రం నుంచి ఫుచు కర్మాగారం సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉండటం, నడుమ హిజియామా అనే చిన్న కొండ అడ్డుగా నిలవడం వల్ల కట్టడాలు చాలావరకు నిలబడ్డాయి. నగరంలో ప్రభుత్వ కార్యాలయాలు నేలమట్టమైపోయినందున హిరోషిమా జిల్లా పాలన యంత్రాంగం దాదాపు ఏడాది పాటు ఆ కర్మాగారపు భవనంలోనే నడిచింది. అదే ఏడాది డిసెంబరులో మూడు చక్రాల ట్రక్కుల తయారీ తిరిగి మొదలై, శిథిలాల తొలగింపుకూ, కొత్త ఇళ్ల కలప రవాణాకూ ఆ బండ్లే దిక్కయ్యాయి. ఊరికీ కంపెనీకీ మధ్య ఏర్పడిన ఈ ముడి కేవలం భావోద్వేగానికి సంబంధించినది కాదు. మూడు దశాబ్దాల తరువాత సంస్థ కుదేలైనప్పుడు అది నగదు రూపంలో ఎలా తిరిగి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

1960 మే నెలలో వచ్చిన ఆర్360 కూపే సంస్థ తయారుచేసిన తొలి ప్రయాణికుల కారు. జపాన్‌లో తక్కువ పన్ను వర్తించే అతి చిన్న కార్ల తరగతిని 'కేయి' అంటారు. ఆ తరగతి పరిమితికి లోబడి 356 సీసీ ఇంజన్‌తో, 380 కిలోల బరువుతో, 3 లక్షల యెన్ల ధరకు వచ్చిన ఈ బండిలో వెనుక సీటు పిల్లలకు తప్ప పనికిరాదు. అయినా జీతం మీద బతికే కుటుంబం కారు అనే మాటను తన ఇంటి ఖర్చుల లెక్కల్లోకి తొలిసారిగా తెచ్చుకోగలిగింది ఇటువంటి బండ్ల వల్లనే కాబట్టి, ఆ తరగతి అమ్మకాల్లో సగానికి పైగా వాటా తొలి ఏడాదే దీనికి దక్కింది.

వ్యాపారం ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్న కాలంలోనే సంస్థ తలకు మించిన సాహసానికి ఎందుకు దిగిందన్నది సహజంగా వచ్చే సందేహం. కారణం ఇంజనీరింగ్ మోజు కన్నా రాజకీయ భయంలోనే ఎక్కువగా ఉంది. విదేశీ కార్లకు తలుపులు తెరవక తప్పని పరిస్థితి రానున్నందున, దేశంలోని కార్ల కంపెనీలను రెండు మూడు పెద్ద గుంపులుగా కలిపేయాలని జపాన్ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వశాఖ 1961 నాటికి ఆలోచిస్తోంది. ఆ లెక్కన హిరోషిమాలోని ఒక ట్రక్కుల కంపెనీ ఏదో పెద్ద సంస్థ కడుపులోకి పోవడం ఖాయం. జుజిరో కుమారుడు, 1951 నుంచి అధ్యక్షుడైన త్సునేజి మత్సుదా, తమకు తప్ప మరెవరికీ లేని సాంకేతికత ఏదో ఒకటి చేతిలో ఉంటే తప్ప సంస్థ విడిగా నిలవలేదని నిశ్చయించుకొని, పశ్చిమ జర్మనీలోని ఎన్ఎస్‌యూ కంపెనీ దగ్గర ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన రోటరీ ఇంజన్ హక్కులను 28 కోట్ల యెన్లకు కొన్నాడు. తాము చేయబోయే మెరుగుదలల ఫలితాలను కూడా జర్మన్ కంపెనీకి ధారపోయాలన్న షరతుకు సైతం అతడు తల ఊపడం ఆనాటి తొందర ఎంతటిదో చెబుతుంది.

సాధారణ ఇంజన్‌లో పిస్టన్ సిలిండర్ లోపల పైకీ కిందికీ కదులుతూ, ఆ కదలికను క్రాంక్ ద్వారా చక్రాల తిరుగుడుగా మారుస్తుంది. రోటరీలో పిస్టన్ ఉండదు. అంచులు ఉబ్బిన త్రిభుజాకారపు లోహఖండం ఒకటి, నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయిన గుడ్డు ఆకారపు గది లోపల తిరుగుతూ, తన మూడు మూలలతో ఆ గదిని ఎప్పటికప్పుడు మూడు భాగాలుగా విడగొడుతుంది. ఒక భాగంలో ఇంధనం, గాలి లోపలికి వస్తుంటే, రెండవ దానిలో అవి నొక్కుకుపోయి మండుతుంటాయి, మూడవ దాని నుంచి పొగ బయటికి పోతుంటుంది. కవాటాలు ఉండవు, కదిలే భాగాలు తక్కువ, అదురు తక్కువ, బరువు తక్కువ. కష్టమంతా ఆ మూడు మూలల దగ్గరే ఉంది. మూలకూ గోడకూ మధ్య వాయువు జారిపోకుండా ఆపడానికి అమర్చే సన్నని పట్టీని అపెక్స్ సీలు అంటారు. అది ఆగకుండా, నిమిషానికి వేలసార్లు తిరిగే ఇంజన్‌లో ఎర్రగా కాలిన వాయువు మధ్య, గోడను రాసుకుంటూ పోవలసిందే. రాపిడి తగ్గడానికి మండే గదిలోకే కొద్ది కొద్దిగా ఆయిల్ వదలాలి, ఆ ఆయిల్ ఇంధనంతోపాటే కాలిపోతుంది. రోటరీ యజమానుల నోట తరతరాలుగా వినిపించే 'బండి ఆయిల్ తాగుతోంది' అన్న ఫిర్యాదు నిజానికి ఫిర్యాదు కాదు, ఆ యంత్రం నిర్మాణ సూత్రమే అది.

జర్మనీ నుంచి వచ్చిన నమూనా ఇంజన్‌ను హిరోషిమాలో నడిపి చూసినప్పుడు, కొన్ని గంటల్లోనే గది గోడ లోపలి పూత మీద గోళ్లతో గీరినట్టు అడ్డంగా గాట్లు పడసాగాయి. ఇంజనీర్లు వాటిని దెయ్యపు గోటి గీతలు అని పిలిచారు. 1963 ఏప్రిల్‌లో ఏర్పడిన రోటరీ పరిశోధన విభాగానికి కెనిచి యమమోతో నాయకుడు. అతని కింద ఉన్న 47 మంది ఇంజనీర్లను, యజమాని మరణానికి ప్రతీకారం తీర్చుకున్న 47 మంది సమురాయిల ప్రసిద్ధ జపనీయ గాథతో పోల్చడం ఆనాటి నుంచీ ఆనవాయితీ. సీలు గోడ మీద సాఫీగా జారకుండా తన సహజ కంపనాంకం దగ్గర అదురుతూ, ఎగిరెగిరి పడటమే ఆ గీతలకు కారణమని వారు కనిపెట్టి, ముందు సీలు కొన దగ్గర అడ్డంగా, నిలువుగా రంధ్రాలు పెట్టి ఆ కంపనాన్ని మార్చారు. తరువాత కర్బన పదార్థంలో అల్యూమినియం చొప్పించి కొత్త సీలును తయారుచేశారు. ఆయిల్ అవసరానికి మించి లోపలికి జారి తెల్లటి పొగ రావడం మరో జబ్బు కాగా, దానికి వేరే రకం ఆయిల్ సీళ్లు కనిపెట్టవలసి వచ్చింది.

ఇంత శ్రమ ఎందుకు తప్పలేదో జర్మనీలోనే తేలిపోయింది. ఎన్ఎస్‌యూ తన ఆర్ఓ80 కారును 1967లో సీళ్ల సమస్య పూర్తిగా తీరకముందే అమ్మకానికి పెట్టడంతో, వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చవలసి వచ్చి సంస్థ ఖజానా ఖాళీ అయింది, 1969లో అది ఫోక్స్‌వాగన్ గొడుగు కిందికి చేరింది. దారిలో ఎదురుపడిన ఇద్దరు ఆర్ఓ80 యజమానులు పలకరింపుగా చేతివేళ్లు ఎత్తి చూపేవారనీ, ఎన్ని వేళ్లు ఎత్తితే అన్ని ఇంజన్లు మారినట్టు లెక్క అనీ ఐరోపాలో ఒక ఛలోక్తి వ్యాపించింది. అందుకు భిన్నంగా మాజ్దా తన కాస్మో స్పోర్ట్ కార్లను అమ్మకానికి ముందే 60 వరకు తయారుచేసి డీలర్లకు అప్పగించి, నెలల తరబడి దేశమంతటా నడిపించి చూసింది. 1967 మే 30న 14 లక్షల 80 వేల యెన్ల ధరతో అది బజారులోకి వచ్చింది. 1972 వరకు తయారైనవి మొత్తం 1,176 మాత్రమే కాబట్టి అది లాభం కోసం చేసిన బండి కాదని స్పష్టమే. 1968లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో ఏకబిగిన 84 గంటలు సాగిన పందెంలో ఒక కాస్మో నాలుగవ స్థానంలో నిలవడం, రెండవది 82వ గంటలో ఇరుసు దెబ్బతిని ఆగిపోవడం రోటరీ మన్నికకు సంస్థ ప్రపంచానికి చూపిన రుజువు.

ఆ రుజువును నమ్మి రోటరీ కొన్న సామాన్య యజమానులు 1970 తరువాత అమెరికాలో పెద్ద సంఖ్యలో తయారయ్యారు. ఆర్ఎక్స్-2, ఆర్ఎక్స్-3 అనే పేర్లతో అక్కడికి చేరిన కార్లు చిన్న శరీరంలో పెద్ద కార్ల వేగం చూపడంతో అమ్మకాలు ఏటేటా రెట్టింపయ్యాయి. వెలువడే పొగను ఒక వేడి గదిలో మళ్లీ మండించే ఏర్పాటు వల్ల 1975కు అమెరికా నిర్దేశించిన కఠినమైన కాలుష్య ప్రమాణాలను సైతం రోటరీ రెండేళ్లు ముందే అందుకుంది. అయితే పొడవుగా, పలచగా ఉండే ఆ మండే గదిలో ఇంధనం పూర్తిగా కాలదు, పొగను మళ్లీ మండించడానికి అదనపు ఇంధనం కావాలి. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వేళ, నగర ప్రయాణంలో లీటరుకు 5 కిలోమీటర్లు కూడా రాని మైలేజీని ప్రభుత్వ సంస్థ అచ్చువేసి ప్రకటించడంతో అమెరికా గిరాకీ ఒక్కసారిగా కూలిపోయింది. మైలేజీతో పాటు, ఇంజన్‌ను చల్లబరిచే నీటిని ఆపే సీళ్లు పాడై ఇంజన్ మార్పించుకోవలసి వచ్చిన యజమానుల అసంతృప్తి కూడా తోడై, సంస్థ ఇంజన్ వారంటీని పొడిగించక తప్పలేదు.

అమ్ముడుపోని కార్లు గుట్టలుగా పేరుకుపోయిన సంస్థను 1975 నాటికి సుమితోమో బ్యాంకు తన అధికారులను పంపి ఆదుకుంది. మత్సుదా వంశపు పాలన 1977లో ముగిసింది. ఎవరినీ ఉద్యోగాల నుంచి తీసేయకుండా, కర్మాగారంలో పనిలేని వేలాది మంది కార్మికులను దేశం నలుమూలలా ఉన్న డీలర్ల దగ్గరికి అమ్మకందారులుగా పంపడం ఆ కాలపు అసాధారణ ప్రయోగం. నిన్నటిదాకా బోల్టులు బిగించిన మనిషి గడప గడపకూ తిరిగి కారు అమ్మవలసి రావడం, కొనేవాడి తిట్లు నేరుగా చెవినపడటం సంస్థకు ఏ సర్వే కన్నా ఎక్కువే నేర్పి ఉండాలి. ఊరు కూడా వెనక్కు తగ్గలేదు. హిరోషిమా వర్తక సంఘాలు, స్థానిక కంపెనీలు, ప్రభుత్వ శాఖలు సొంత ఊరి కారే కొనాలన్న ప్రచారాన్ని తలకెత్తుకున్నాయి. బాంబు తరువాతి రోజుల్లో ఆ కర్మాగారం ఊరికిచ్చిన ఆశ్రయం 30 ఏళ్లకు కార్ల ఆర్డర్ల రూపంలో తిరిగివచ్చిందన్నమాట. తోయో కోగ్యో పేరును తన పేరులో ఇముడ్చుకున్న బేస్‌బాల్ జట్టు హిరోషిమా తోయో కార్ప్ సరిగ్గా 1975లోనే తొలిసారిగా లీగ్ విజేతగా నిలవడం ఆ ఊరివారు నేటికీ కార్ల కథతో కలిపి చెప్పుకునే విషయం.

రోటరీని వదులుకొమ్మని చెప్పినవారు తక్కువేమీ కాదు. హక్కులు కొన్న ఇతర కంపెనీలు, అమెరికాలోని జనరల్ మోటార్స్ సహా, ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. మాజ్దా మాత్రం ఇంధన వినియోగాన్ని 40 శాతం మెరుగుపరచాలన్న లక్ష్యంతో పని కొనసాగించి, 1978లో ఆర్ఎక్స్-7 స్పోర్ట్స్ కారును తెచ్చింది. కుటుంబపు కారులో క్షమించరాని మైలేజీని స్పోర్ట్స్ కారులో క్షమించేవారు ఉంటారన్నది అందులోని వ్యాపార సూక్ష్మం. యంత్రాన్ని మార్చడం కన్నా యజమానిని మార్చడం తేలికన్నట్టుగా సాగిన ఈ నిర్ణయం ఫలించి, 2002 వరకు మూడు తరాలుగా 8 లక్షలకు పైగా ఆర్ఎక్స్-7లు తయారయ్యాయి.

ఈ బండ్ల యజమానుల మధ్య పెరిగిన ఆచారాలు ఒక వృత్తి సంప్రదాయం స్థాయికి చేరాయి. రెండు సార్లు పెట్రోలు పోయించుకుంటే ఒకసారైనా ఆయిల్ గేజీ పుల్ల తీసి చూడటం, చల్లటి ఇంజన్‌ను తోలకముందు కాసేపు వేడెక్కనివ్వడం, ఇంటి ముందు నుంచి షెడ్డులోకి పెట్టడం కోసం నిమిషం పాటు నడిపి ఆపేయకుండా ఉండటం ఆ ఆచారాల్లో ముఖ్యమైనవి. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్‌లోకి ఎక్కువ పెట్రోలు పోతుంది. అది కాలకముందే ఆపితే లోపలి గోడల మీది ఆయిల్ పొర కడుక్కుపోయి, స్పార్క్ ప్లగ్గులు తడిసి, మరుసటి ఉదయం బండి స్టార్ట్ కాదు. ప్లగ్గులు విప్పి ఆరబెట్టి మళ్లీ బిగించడం చాలామంది సొంతంగా నేర్చుకున్న పని. సంస్థ అమర్చిన పంపు మీద నమ్మకం చాలని కొందరు పెట్రోలు ట్యాంకులోనే కొద్దిగా టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. పాత రోటరీ కొనదలచినవారు రంగు, టైర్లు చూసే ముందు కంప్రెషన్ పరీక్ష అడుగుతారు. ఒక్కో రోటరుకు మూడు ముఖాలు ఉంటాయి కాబట్టి మూడింటి పీడనాన్నీ విడివిడిగా చూపే ప్రత్యేక పరికరం దానికి కావాలి, మామూలు మెకానిక్ దగ్గరుండే గేజీ మూడింటిలో గరిష్ఠాన్ని మాత్రమే చూపి చచ్చిన సీలును దాచేస్తుంది. యంత్రశాస్త్ర గ్రంథాలు సీళ్ల గురించి చెప్పిన దానినే ఈ అలవాట్లు మరోలా చెబుతున్నాయనడంలో అతిశయోక్తి లేదు.

సంస్థ ఆర్థికంగా కోలుకున్నది మాత్రం రోటరీ వల్ల కాదు. 1979లో ఫోర్డ్ కంపెనీ దాదాపు నాలుగో వంతు వాటా కొనగా, 1980లో వచ్చిన ముందు చక్రాల చోదకంతో నడిచే ఫమిలియా అప్పుడే మొదలైన జపాన్ కార్ ఆఫ్ ద ఇయర్ పురస్కారాన్ని తొలిగా అందుకొని విపరీతంగా అమ్ముడైంది. ఎర్ర ఫమిలియా మీద అలల మీద తేలే పలకను కట్టుకొని, సముద్రం మొహం చూడకుండానే నగర వీధుల్లో తిరిగే కుర్రకారును జనం 'నేల మీది సర్ఫర్లు' అని వెక్కిరించడం ఆ కాలపు సాంఘిక చరిత్రలో ఒక సరదా పుట. 1984లో తోయో కోగ్యో పేరు అధికారికంగా మాజ్దాగా మారింది, అదే ఏడాది యమమోతో అధ్యక్షుడయ్యాడు.

రోటరీకి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన కారు ఎంఎక్స్-5. బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు 1979లో యమమోతోతో మాట్లాడుతూ, బ్రిటిష్‌వారు ఒకప్పుడు చేసిన చవకైన, పైకప్పు తెరుచుకునే, రెండు సీట్ల కారును ఇప్పుడెవరూ చేయడం లేదని అన్న మాట ఈ కారుకు బీజం. తొషిహికో హిరాయి ప్రధాన ఇంజనీరుగా తయారై 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో కనిపించిన ఈ బండిలో కొత్త సాంకేతికత అంటూ చెప్పుకోదగినది లేదు. పాత బ్రిటిష్ కార్ల ఆనందాన్ని, వాటిలా నెలకోసారి షెడ్డుకు పోనవసరం లేకుండా ఇవ్వడమే దాని ప్రత్యేకత. 13,800 డాలర్ల ధర నిర్ణయిస్తే అమెరికాలో తొలి ఏడాది వేలాది డాలర్లు పైన పెట్టి కొన్నవారున్నారు. 2000లో అత్యధికంగా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ గుర్తింపు పొంది, 2016 ఏప్రిల్‌లో 10 లక్షల మైలురాయి దాటిన ఈ కారు యజమానుల బాధలు రోటరీవారి బాధల్లా గంభీరమైనవి కావు: గుడ్డ పైకప్పు మడతల దగ్గర చిరగడం, ప్లాస్టిక్ వెనుక అద్దం ఎండకు మసకబారడం, పైకప్పు నీరు పోయే సన్నని గొట్టాలు ఆకులతో పూడిపోయి నీరు తలుపుల కింది అంచుల్లో నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టడం. చివరిది బయటికి కనబడే నాటికి లోపల ఇనుము మిగిలి ఉండదు కాబట్టి, ఆ గొట్టాలను ఏడాదికోసారి శుభ్రం చేయడం తెలిసిన యజమానికి తొలి పాఠం.

బుడగలా ఉబ్బిన 1980ల ఆర్థిక ఉత్సాహంలో మాజ్దా తన సత్తువకు మించి ఎగిరింది. స్వదేశంలో మాజ్దా, అన్‌ఫిని, యూనోస్, ఆటోజామ్, ఆటోరామా అని 5 వేర్వేరు అమ్మకపు వ్యవస్థలు నడిపి, పేర్లు మార్చిన ఒకే కారును నాలుగు చోట్ల అమ్మబోయి చేతులు కాల్చుకుంది. బుడగ పగిలాక అమ్మకాలు నిలబెట్టుకోవడానికి ఎడాపెడా తగ్గింపులు ఇచ్చింది. కొత్త కారు మీదే అంత తగ్గింపు దొరికితే పాత కారుకు విలువేముంటుంది? వేరే కంపెనీ డీలరు దగ్గర తన పాత మాజ్దాకు గిట్టుబాటు ధర పలకక, మంచి మారకపు ధర ఇచ్చే ఏకైక చోటు అయిన మాజ్దా డీలరు దగ్గరికే తిరిగి వచ్చి మరో మాజ్దా కొనుక్కొనే యజమాని దుస్థితికి జపాన్ జనం 'మాజ్దా నరకం' అని పేరు పెట్టారు. ఒకసారి దిగితే బయటపడలేని ఆ చక్రం ఏ సీలు అరిగినదానికన్నా సంస్థ పరువును ఎక్కువ కాలం తినేసింది. 1996లో ఫోర్డ్ తన వాటాను 33.4 శాతానికి పెంచి హెన్రీ వాలెస్‌ను అధ్యక్షుడిగా నియమించగా, ఒక జపనీయ కార్ల కంపెనీకి విదేశీయుడు అధిపతి కావడం అదే మొదలు.

ఈ పతనానికి ముందే సంస్థ కీర్తి శిఖరం కూడా గడిచిపోయింది. 1991 జూన్ 22, 23 తేదీల్లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల 787బి కారు 362 చుట్లు తిరిగి నెగ్గింది. జానీ హెర్బర్ట్, ఫోల్కర్ వైడ్లర్, బెర్ట్రాండ్ గాషో దాని చోదకులు, ఆ పందెం గెలిచిన తొలి జపనీయ కారు అదే. గెలిచిందన్న కక్షతోనే రోటరీని నిషేధించారన్న ప్రచారం యజమానుల సంఘాల్లో ఇప్పటికీ గట్టిగానే ఉంది గాని అది నిజం కాదు, ఇంజన్ల తరహాను మార్చే నియమాలు ఆ గెలుపుకు ముందే నిర్ణయమయ్యాయి. 2003లో వచ్చిన ఆర్ఎక్స్-8 పొగ మార్గాలను పక్క గోడల్లోకి మార్చి మైలేజీని, కాలుష్యాన్ని మెరుగుపరిచినా, పాత జబ్బులు పూర్తిగా వదలలేదు. అమెరికాలో సంస్థ ఇంజన్ వారంటీని 8 ఏళ్లకు లేదా 1 లక్ష మైళ్లకు పొడిగించవలసి వచ్చింది. 2012లో దాని తయారీ ఆగిపోయింది.

భారతదేశంలో మాజ్దా కార్లు ఏనాడూ అమ్మకానికి రాలేదు. అయినా తెలుగువారికి ఆ పేరు కొత్త కాదు. 1980ల తొలి సగంలో తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీకి జపాన్ కంపెనీలతో పొత్తును కేంద్ర ప్రభుత్వం అనుమతించినప్పుడు నాలుగు జంటలు ఏర్పడ్డాయి. హైదరాబాదు ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో కర్మాగారం పెట్టగా, పంజాబ్ ట్రాక్టర్స్ మాజ్దాతో, సుమితోమో కార్పొరేషన్ అనే జపాన్ వర్తక సంస్థతో కలిసి పంజాబ్‌లో స్వరాజ్ మాజ్దా వాహనాలు తయారుచేసింది. బడి పిల్లల మినీ బస్సుగా, పెళ్లి బృందపు వ్యానుగా ఆ బండి తెలుగు జిల్లాల్లో దశాబ్దాల పాటు తిరిగింది. ఆల్విన్ నిస్సాన్ తరువాత మహీంద్రా చేతికి పోయింది, స్వరాజ్ మాజ్దా 2011లో ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. కాబట్టి మాజ్దా అంటే ఇక్కడివారి మనసులో మెదిలేది 1931 నాటి హిరోషిమా వర్తకుడి మనసులో మెదిలినదే, అంటే సరుకు మోసే బండి. దాని కార్లను తెలుగువారు చూసినది, నడిపినది గల్ఫ్‌కో, అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్లిన తరువాతే.

2008 సంక్షోభంలో ఫోర్డ్ తన వాటా అమ్ముకోవడం మొదలుపెట్టాక మాజ్దా మళ్లీ ఒంటరిదైంది. 2011 నుంచి స్కైయాక్టివ్ అనే పేరుతో మామూలు పిస్టన్ ఇంజన్లనే అధిక సంపీడన నిష్పత్తితో పునర్నిర్మించి, 2012లో వచ్చిన సీఎక్స్-5తో నిలదొక్కుకుంది. దానితోపాటు తగ్గింపులు ఇవ్వకుండా అమ్మాలన్న కఠిన నియమాన్ని డీలర్ల మీద పెట్టి, పాత కారు విలువ నిలబడేటట్టు చేసి, నరకపు తలుపు మెల్లగా మూసింది. 2017 చివరలో తొలి తరం ఎంఎక్స్-5లను కర్మాగారమే పునరుద్ధరించి ఇచ్చే సేవను జపాన్‌లో ప్రారంభించి, ఆగిపోయిన గుడ్డ పైకప్పు, చక్రాలు, స్టీరింగ్ వంటి విడిభాగాలను మళ్లీ తయారుచేయించింది. ఏ భాగాలు ముందు కావాలో యజమానుల సంఘాలను అడిగి నిర్ణయించుకుంది.

2023లో రోటరీ మళ్లీ వచ్చింది, కాని చక్రాలతో సంబంధం లేకుండా. ఎంఎక్స్-30 ఆర్-ఈవీ అనే విద్యుత్ కారులో 830 సీసీ ఒంటి రోటరు ఇంజన్ బ్యాటరీకి కరెంటు ఉత్పత్తి చేయడానికి మాత్రమే తిరుగుతుంది. అందులో అపెక్స్ సీలు మందాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు. ఇంజన్ ఎప్పుడు మొదలవ్వాలో, ఎంత వేగంతో తిరగాలో, ఎప్పుడు ఆగాలో కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది. వేడెక్కనివ్వడం, మధ్యలో ఆపకపోవడం వంటి జాగ్రత్తలన్నీ యజమాని చేతి నుంచి అలా జారిపోయాయి. ఆయిల్ చూసుకోవడం మాత్రం ఇంకా అతని వంతే.